మెష్‌లో కాల్ తెగకూడదంటే ఏ రౌటింగ్ ఎంచుకోవాలి?

వీడియో ఆగకుండా నడుస్తుంది. ఫైళ్లు చకచకా దిగుతాయి. స్పీడ్ టెస్ట్‌లో అంకెలు బాగానే కనిపిస్తాయి. కాల్ చేస్తే మాత్రం రెండు నిమిషాలకోసారి "హలో, వినిపిస్తోందా?" అనాల్సి వస్తుంది. వైర్‌లెస్ మెష్ (ఒకదాని నుంచి ఒకటి సిగ్నల్ అందుకుని ముందుకు పంపే వైఫై నోడ్ల అల్లిక) పెట్టుకున్న చాలామంది ఇక్కడే ఇరుక్కుంటారు. ఇక రౌటింగ్ ప్రోటోకాల్ (డేటా ఏ నోడ్ మీదుగా పోవాలో తేల్చే నియమాలు) మార్చాలా, రౌటర్లు మార్చాలా అని వెతకడం మొదలవుతుంది.

వీడియో ప్లేయర్ రాబోయే కొన్ని సెకన్ల సరుకు ముందే దింపి పెట్టుకుంటుంది. మధ్యలో దారి తెగినా ఆ నిల్వతో నెట్టుకొస్తుంది. మాటకు ఆ వీలు లేదు, ఎందుకంటే అవతలి మనిషి ఇంకా అనని మాటను ముందే దాచుకోలేం. అందుకే మెష్‌లో కాల్స్ కోసం రౌటింగ్ ఎంచుకునేటప్పుడు నేను అన్నిటికంటే ముందు అడిగే ప్రశ్న ఒకటే: ఈ ప్రోటోకాల్ దారి మార్చేటప్పుడు ఎంతసేపు మాట పోతుంది, అసలు ఎన్నిసార్లు మారుస్తుంది? దారి ఎంత వేగమైనది అన్నది ఆ తర్వాతే చూస్తాను.

## ముందు కాల్‌కి ఏం కావాలో చూద్దాం

మామూలు వాయిస్ కాల్‌లో ప్రతి 20 మిల్లీసెకన్ల మాటను ఒక ప్యాకెట్‌గా కట్టి పంపుతారు. అంటే సెకనుకు ఒక్కో వైపు 50 ప్యాకెట్లు. జీ.711 కోడెక్ (మాటను బిట్లుగా మార్చే పద్ధతి) అయితే ఒక్కో ప్యాకెట్‌లో 160 బైట్ల మాట, 40 బైట్ల హెడర్లు (చిరునామా లాంటి వివరాలు) ఉంటాయి. అన్నీ కలిపి సెకనుకు 80 కిలోబిట్లు. ఇప్పటి వైఫైకి ఇది లెక్కలోకి రాని బరువు. కాబట్టి బ్యాండ్‌విడ్త్ చాలక కాల్ చెడుతోందని అనుకుంటే చాలాసార్లు పొరపాటే.

అసలు ఇబ్బంది ఆలస్యంతో వస్తుంది. మాట నోటి నుంచి చెవికి చేరడానికి 150 మిల్లీసెకన్లలోపు పడితే సంభాషణ సహజంగా సాగుతుందని అంతర్జాతీయ టెలికాం సంఘం ఐటీయూ ప్రమాణం జీ.114 చెబుతుంది. 400 దాటకూడదన్నది దాని పై హద్దు. ఈ 150లో ప్యాకెట్ కట్టడానికే 20 పోతాయి. ప్యాకెట్ల రాకలోని హెచ్చుతగ్గులను సర్దే జిట్టర్ బఫర్ ఓ 60 తీసుకుందనుకుందాం. మిగిలిన 70లోనే మెష్ హాప్‌లు (ఒక నోడ్ నుంచి ఇంకో నోడ్‌కి వేసే ఒక్కో అంగ), ఇంటర్నెట్ ప్రయాణం అన్నీ ఇమడాలి. నెట్‌వర్క్ ఖాళీగా ఉంటే ఒక్కో హాప్ కొన్ని మిల్లీసెకన్లలో దాటిపోతుంది. ఎవరో పెద్ద ఫైల్ పంపుతుంటే అదే హాప్ దగ్గర వందల మిల్లీసెకన్ల క్యూ పేరుకోవచ్చు.

ప్యాకెట్లు పోవడంలోనూ రెండు రకాలున్నాయి. అక్కడక్కడా ఒకటి పోతే కోడెక్ సర్దుకుంటుంది. ఓపస్ అనే కోడెక్ అయితే పోయిన ప్యాకెట్ తాలూకు తక్కువ నాణ్యత నకలును తర్వాతి ప్యాకెట్‌లో తెప్పించుకోగలదు. వరుసగా వందలు పోతే ఏ కోడెక్కూ ఏమీ చేయలేదు, అక్కడ నిశ్శబ్దమే. పైగా వైఫై తన ఫ్రేమ్ (గాలిలో పంపే ఒక్కో మూట) పోతే మళ్లీ మళ్లీ పంపుతుంది. అందుకే బలహీనమైన లింకు మీద నష్టం నష్టంలా కనబడదు, ఆలస్యం వేషంలో వస్తుంది. పింగ్‌లో (చిన్న ప్యాకెట్ పంపి జవాబు కోసం చూసే పరీక్షలో) నష్టం సున్నా చూపిస్తున్నా గొంతు రోబోలా వినిపించడానికి చాలాసార్లు కారణం ఇదే.

ఇక హాప్‌ల సంఖ్య. ఒకే రేడియో, ఒకే చానల్ అయితే పక్క నోడ్ మాట్లాడుతున్నంతసేపూ మన నోడ్ ఊరుకోవాలి. అలాంటి నోడ్లను వరుసగా పేర్చిన గొలుసులో చివరిదాకా చేరే వేగం ఒక్క హాప్ వేగంలో నాలుగో వంతుకు పడిపోతుందని లెక్క. 2001లో ఎంఐటీ పరిశోధకులు సిమ్యులేషన్‌లో చూస్తే అది ఏడో వంతు దగ్గర తేలింది. ఇది భౌతికమైన హద్దు. దీన్ని ఏ రౌటింగ్ ప్రోటోకాలూ దాటించలేదు.

కాబట్టి నేను చూసే కొలతలు ఇవి: లింకు చచ్చిందని ఎంతలో పసిగడుతుంది, రెండు సమానమైన దారుల మధ్య ఊగిసలాడుతుందా, లింకు బలాన్ని నిజంగా కొలుస్తుందా, ఫోన్ ఒక నోడ్ నుంచి ఇంకో నోడ్‌కి మారితే ఐపీ అడ్రస్ నిలుస్తుందా. ఐదోది కూడా ఉంది, ఎవరూ పెద్దగా పట్టించుకోరు: ఏదైనా చెడితే లోపల ఏం జరుగుతోందో మీరు చూడగలరా?

## 5.7 సెకన్లు

ఐదు నోడ్లతో ఓఎల్ఎస్ఆర్ అనే రౌటింగ్ ప్రోటోకాల్ నడుపుతున్న రోజుల్లో ఒక సాయంత్రం చేసిన పరీక్ష ఇది. ఒక చివర నుంచి ఇంకో చివరకు 200 బైట్ల పింగ్‌లు 20 మిల్లీసెకన్లకొకటి చొప్పున వదిలాను. అంటే కాల్ లాగానే. అంకెలు పదకొండు, పన్నెండు మిల్లీసెకన్ల దగ్గర నిలకడగా వస్తున్నాయి. అప్పుడు దారి మధ్యలో ఉన్న నోడ్ పవర్ తీశాను. వేరే దారి ఉంది, సిగ్నల్ కూడా బాగుంది. అయినా తెర మీద వరుస ఆగిపోయింది. మళ్లీ కదిలేసరికి 4112 తర్వాత కనిపించిన నంబర్ 4398. మధ్యలో 285 ప్యాకెట్లు లేవు. అంటే 5.7 సెకన్లు. ఫోన్‌లో ఒక మనిషి "అమ్మకి జ్వరం తగ్గింది, రేపు డాక్టర్ దగ్గరికి..." అని చెప్పేంత సేపు.

అక్కడ ఏదీ చెడిపోలేదు, ప్రోటోకాల్ తన రూల్ ప్రకారమే నడిచింది. 2003లో వచ్చిన ఓఎల్ఎస్ఆర్ ప్రమాణంలో 'నేనున్నాను' అని పక్క నోడ్లకు చెప్పే హలో సందేశం 2 సెకన్లకోసారి వెళుతుంది. మూడు హలోలంత సేపు, అంటే 6 సెకన్లు, పక్క నోడ్ నుంచి ఏమీ వినబడకపోతేనే అది పోయిందని తేలుస్తారు. డేటాకు అది ఓపిక. కాల్‌కి శిక్ష.

## ఒక్కో ప్రోటోకాల్ సంగతి

802.11ఎస్. ఇది వైఫై ప్రమాణంలోనే భాగం. 2011లో ఆమోదం పొందింది. దీని రౌటింగ్ పేరు హెచ్‌డబ్ల్యూఎంపీ. ఒక ఫ్రేమ్ పంపడానికి గాలిలో ఎంత సమయం పడుతుందో చూసి దారికి వెల కడుతుంది. అంటే లింకు వేగం, తప్పుల రేటు రెండూ లెక్కలోకి వస్తాయి. వాయిస్‌కి ఇది మంచి కొలత. ఇంకో మేలు ఏమిటంటే, లింకు చచ్చిందని తెలుసుకోవడానికి హలోల కోసం కాచుకోనక్కర్లేదు. వెళ్తున్న ఫ్రేములే వరుసగా విఫలమవుతుంటే అక్కడికక్కడే దారి తెగిందని ప్రకటించి కొత్త దారి వెతుకుతుంది.

చిక్కల్లా ఆ చురుకుదనంతోనే. వాడుతున్న దారిని సుమారు 5 సెకన్లకోసారి మళ్లీ అడిగి తెలుసుకుంటుంది. రెండు దారులు దాదాపు సమానంగా ఉన్నాయనుకోండి, ఆ గాలి సమయం (ఎయిర్‌టైమ్) అంకె కొద్దిగా అటూ ఇటూ అయినా దారి మారిపోతుంది. రెండు పడవల మీద కాళ్లు పెట్టినట్టు కాల్ అటో అడుగు ఇటో అడుగు వేస్తుంది. ప్యాకెట్లు వరుస తప్పుతాయి, జిట్టర్ బఫర్ ఉబ్బుతుంది. నాలుగైదు నోడ్ల ఇంట్లో ఇది పెద్దగా బయటపడదు. నోడ్లు పెరిగే కొద్దీ వినిపిస్తుంది. బలహీనమైన పొరుగు నోడ్లతో జత కట్టకుండా సిగ్నల్ హద్దు పెట్టుకోవడం ఇందులో తప్పనిసరి అని నా అభిప్రాయం.

బ్యాట్‌మ్యాన్-అడ్వాన్స్‌డ్. జర్మనీలోని ఫ్రైఫుంక్ అనే కమ్యూనిటీ వైఫై జనం ఓఎల్ఎస్ఆర్‌తో విసిగి 2006 ప్రాంతంలో మొదలుపెట్టిన ప్రోటోకాల్‌కి ఇది తర్వాతి రూపం. 2011 నుంచి లినక్స్ కెర్నెల్‌లోనే ఉంది. మొత్తం మెష్‌ను ఒక పెద్ద ఈథర్‌నెట్ స్విచ్‌లా చూపిస్తుంది. ఫోన్ పట్టుకుని ఒక నోడ్ దగ్గర నుంచి ఇంకో నోడ్ దగ్గరికి నడిచినా ఐపీ అడ్రస్ మారదు, కాబట్టి కాల్ తెగదు. నడుస్తూ మాట్లాడే మనుషులున్న చోట ఈ ఒక్క గుణమే చాలా విలువైనది.

ప్రతి నోడూ సెకనుకోసారి తన ఉనికిని చాటుతుంది. నాలుగో వెర్షన్‌లో అలా వచ్చిన చివరి 64 చాటింపుల్లో ఎన్ని అందాయో చూసి లింకు నాణ్యత లెక్కిస్తారు. అంత పొడవైన కిటికీలోంచి చూడటం వల్ల చిన్న చిన్న ఒడుదుడుకులకు దారి మారదు. నేను కోరుకునే నిలకడ ఇదే. అయితే లింకు మెల్లగా చెడుతుంటే ఆ నిలకడే మొండితనం అవుతుంది. ఇంకో లోపం కూడా ఉంది. చాటింపులు చిన్న బ్రాడ్‌కాస్ట్ ఫ్రేములు, తక్కువ వేగంలో వెళతాయి. అవి బాగా అందుతున్నాయంటే పెద్ద ఫ్రేములు ఎక్కువ వేగంలో అందుతాయని అర్థం కాదు. దాంతో దూరంగా ఉన్న నీరసమైన లింకు కూడా మంచిదిలా కనిపించవచ్చు. ఐదో వెర్షన్ లింకు వేగాన్ని చూస్తుంది కాబట్టి ఈ చిక్కు తగ్గుతుంది, డ్రైవర్ ఇచ్చే అంకెలు నమ్మదగ్గవైతే.

పెద్ద మెష్‌లో ఏఆర్‌పీ (ఈ ఐపీ అడ్రస్ ఎవరిదని అందరినీ అడిగే సందేశం) లాంటి బ్రాడ్‌కాస్ట్‌లు అన్ని నోడ్లకూ పాకుతాయి, అవి తినే గాలి సమయం కాల్స్ నుంచే పోతుంది. వందల నోడ్లను ఒకే స్విచ్‌లా నడపాలనుకోవద్దు.

దక్షిణాఫ్రికాలో మొదలైన విలేజ్ టెల్కో ప్రాజెక్టు 'మెష్ పొటాటో' అనే పరికరం తెచ్చింది. మామూలు ల్యాండ్‌లైన్ ఫోన్‌ను నేరుగా గుచ్చుకోగల మెష్ రౌటర్ అది. లోపల నడిచింది బ్యాట్‌మ్యానే. మాట కోసమే మెష్ కట్టినవాళ్ల ఎంపిక అది.

బేబెల్. దీని ప్రస్తుత ప్రమాణం 2021లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 8966 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం. దారి మారే గందరగోళంలో ప్యాకెట్లు రెండు నోడ్ల మధ్య గిరగిరా తిరిగే లూపులు పడకుండా చూడటం మీదే దీని నిర్మాణమంతా ఉంది. లూపు పడితే పోయేది ఒక్క కాల్ కాదు. తిరిగే ప్యాకెట్లు గాలిని నింపేసి పక్క కాల్స్‌ను కూడా పాడుచేస్తాయి. కాబట్టి ఈ గుణానికి నేను చాలా మార్కులు వేస్తాను. దారి విలువను మెత్తగా సగటు తీసి చూస్తుంది కనుక ఊగిసలాట తక్కువ.

డిఫాల్ట్‌లో వైర్‌లెస్ మీద హలో 4 సెకన్లకోసారే వెళుతుంది. కాల్స్ నడిచే చోట దాన్ని 1 సెకనుకు తగ్గించాలి. లేకపోతే లింకు చచ్చిన సంగతి చాలా ఆలస్యంగా తెలుస్తుంది. ఇది ఐపీ స్థాయిలో నడిచే రౌటింగ్ కాబట్టి ఫోన్ నోడ్ మారితే మామూలుగా అడ్రస్ కూడా మారుతుంది, కాల్ తెగుతుంది. ఫోన్లు బల్ల మీదే ఉండే చోట ఇది సమస్యే కాదు. వైరు లింకులు, వైర్‌లెస్ లింకులు కలిసి ఉన్న నెట్‌వర్క్‌ను ఇంత శుభ్రంగా నడిపేది ఈ వరుసలో ఇంకోటి నాకు తెలియదు.

ఓఎల్ఎస్ఆర్. పైన చెప్పింది చాలు. ఇప్పటికే దాని మీద నడుస్తున్న నెట్‌వర్క్‌లో చేరుతుంటే హలో వ్యవధి తగ్గించమని అడగండి, లింకు నాణ్యతను ఈటీఎక్స్‌తో (ఒక ప్యాకెట్ అందడానికి సగటున ఎన్నిసార్లు పంపాలో చెప్పే అంకెతో) కొలిచే వెర్షన్ ఉందో లేదో చూడండి. కొత్తగా కట్టేవాళ్లు దీంతో మొదలుపెట్టనవసరం లేదు.

ఏఓడీవీ. ఎవరైనా మాట్లాడాలనుకున్నప్పుడే దారి వెతుకుతుంది. మిగతా సమయమంతా నిశ్శబ్దం. నోడ్లే కదులుతుండి, మాటలు అరుదుగా సాగే చోటికి ఈ ఆలోచన బాగుంటుంది. కాల్ మధ్యలో దారి తెగితే మాత్రం కొత్త దారి దొరికేదాకా ప్యాకెట్లను ఆపి ఉంచి తర్వాత వదలవచ్చు. ఆలస్యంగా వచ్చిన మాట ప్యాకెట్ ఎవరికీ పనికిరాదు, పైగా క్యూ నింపుతుంది. దూరాన్ని హాప్‌లతోనే కొలవడం దీని పెద్ద లోపం. రెండు మంచి లింకుల కంటే ఒక చచ్చు లింకునే మేలని అనుకుంటుంది.

చేత్తో రాసిన దారులు. మూడు నాలుగు నోడ్లు, అన్నీ గోడకు బిగించినవి, ఒక్కటే సాధ్యమైన దారి. అలాంటప్పుడు ప్రోటోకాల్ ఎందుకు? స్టాటిక్ రూట్లు రాసేయండి. ఊగిసలాట సున్నా. నోడ్ పోతే మనిషి వెళ్లి బాగుచేయాలి, అంతే.

| ప్రోటోకాల్ | దారిని కొలిచే తీరు | లింకు చచ్చినప్పుడు | ఊగిసలాట | ఫోన్ నోడ్ మారితే |
|---|---|---|---|---|
| 802.11ఎస్ | ఎయిర్‌టైమ్ | త్వరగా పసిగడుతుంది | ఎక్కువ | అడ్రస్ నిలుస్తుంది |
| బ్యాట్‌మ్యాన్ 4 | అందిన చాటింపులు | కొన్ని సెకన్లు | తక్కువ | అడ్రస్ నిలుస్తుంది |
| బ్యాట్‌మ్యాన్ 5 | లింకు వేగం | కొన్ని సెకన్లు | డ్రైవర్‌ను బట్టి | అడ్రస్ నిలుస్తుంది |
| బేబెల్ | ఈటీఎక్స్ | హలో వ్యవధిని బట్టి, లూపులు లేకుండా | తక్కువ | మామూలుగా మారుతుంది |
| ఓఎల్ఎస్ఆర్ | హాప్‌లు లేదా ఈటీఎక్స్ | డిఫాల్ట్‌లో 6 సెకన్ల దాకా, ఆపైన ఆ వార్త మిగతా నోడ్లకు చేరే సమయం | మధ్యస్థం | మామూలుగా మారుతుంది |
| ఏఓడీవీ | హాప్‌లు | మళ్లీ వెతుకులాట | ఎక్కువ | ఫోనే నోడ్ అయితే వర్తించదు |
| స్టాటిక్ | కొలత లేదు | మనిషి రావాలి | లేదు | ఏర్పాటును బట్టి |

## మీరు ఎవరు?

ఇంట్లో మూడు నాలుగు నోడ్లతో వైఫై కాలింగ్ చేసుకునేవాళ్లు ప్రోటోకాల్ గురించి టెన్షన్ పడనక్కర్లేదు. కొన్న కిట్‌లో ఏది ఉంటే అది నడుస్తుంది. మార్చే వీలు కూడా చాలా కిట్లలో ఉండదు. మీరు చేయగలిగిన గొప్ప మేలు ఒక హాప్‌ను కేబుల్‌గా మార్చడం. అది కుదరకపోతే నోడ్ల మధ్య మాటలకు వేరే రేడియో ఉన్న కిట్ తీసుకోండి. ఫోన్‌తో నడుస్తూ మాట్లాడినప్పుడు తెగుతోందంటే మెష్ రౌటింగ్‌ను కాదు, ఫోన్ నోడ్ మారే క్షణాన్ని అనుమానించండి. అది వేరే జబ్బు.

పెద్ద భవనంలో పది ఇరవై నోడ్లు, చేతిలో ఫోన్లతో తిరిగే సిబ్బంది ఉంటే నా ఎంపిక బ్యాట్‌మ్యాన్-అడ్వాన్స్‌డ్. కింద లింకులు కట్టడానికి 802.11ఎస్ వాడుకుని దాని సొంత రౌటింగ్‌ను ఆపేయాలి. రెండూ ఒకేసారి దారులు వెతికితే ఎవరి మాట ఎవరు వింటున్నారో తెలియదు. ఆపడం మరిచిపోయి వారాల తరబడి తల పట్టుకున్నవాళ్లను చూశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. తర్వాత హాప్ పెనాల్టీ (ప్రతి హాప్‌కూ దారి విలువలో వేసే కోత) కాస్త పెంచి చూడండి. దారి పొట్టిగా ఉండేలా మొగ్గుతుంది.

ఇళ్ల కప్పుల మీద యాంటెన్నాలు, అక్కడక్కడా ఫైబర్, ఐపీ తెలిసిన ఒకరిద్దరు వాలంటీర్లు ఉన్న కమ్యూనిటీ నెట్‌వర్క్ అయితే బేబెల్. ఎందుకు ఈ దారే ఎంచుకుందో రౌటింగ్ టేబుల్ చూసి చెప్పగలగడం అలాంటి చోట ప్రాణంతో సమానం. రాత్రి పదకొండుకు ఫోన్ వస్తే చూసేది ఆ ఒకరిద్దరే.

సహాయక బృందాలు, వాహనాల్లాంటి కదిలే నోడ్లతో ఉన్నవాళ్లు ముందు ఒక విషయం ఒప్పుకోవాలి: అక్కడ తెగని కాల్ దొరకదు. వేగంగా పసిగట్టే ప్రోటోకాల్ తీసుకుని, పుష్-టు-టాక్‌లాగా మాట మాటకూ విడిగా పంపే పద్ధతి పెట్టుకుంటే కొంత నయం. రెండు సెకన్లు ఆలస్యంగా వచ్చినా మాట మొత్తం వస్తుంది.

## ప్రోటోకాల్ మార్చేముందు

కోడెక్ చిన్నది చేస్తే కాల్స్ ఎక్కువ పడతాయని చాలామంది నమ్ముతారు. పాత వైఫై ప్రమాణం 802.11బీ మీద లెక్క వేసి చూద్దాం. 11 మెగాబిట్ల వేగంలో ఒక జీ.711 ప్యాకెట్‌కు కాచుకోవడం, ప్రీయాంబుల్ (ఫ్రేమ్ ముందు వచ్చే సిగ్నల్), అందిందన్న జవాబు అన్నీ కలిపి గాలిలో దాదాపు 980 మైక్రోసెకన్లు పడుతుంది. అందులో 810 వరకూ పైఖర్చే. ఎనిమిదో వంతు బిట్లతో సరిపెట్టే జీ.729 వాడితే 880. అంటే ఆదా అయింది పదో వంతే. కొత్త వైఫైలో వేగం పెరిగేసరికి మాట తాలూకు భాగం ఇంకా కుంచించుకుపోయింది, కాబట్టి ఈ చిట్కా ఇంకా తక్కువ ఫలిస్తుంది. నిజంగా పనిచేసేది ప్యాకెట్లు తగ్గించడం. 20 బదులు 40 మిల్లీసెకన్ల మాట ఒకే ప్యాకెట్‌లో పెడితే సంఖ్య సగానికి తగ్గుతుంది. దానికి చెల్లించే వెల 20 మిల్లీసెకన్ల అదనపు ఆలస్యం. హాప్‌లు ఎక్కువున్న మెష్‌లో నేను ఆ వెల సంతోషంగా చెల్లిస్తాను.

ప్రాధాన్యం ముద్ర కూడా సరిచూసుకోండి. ఫోన్లు వాయిస్ ప్యాకెట్లపై డీఎస్‌సీపీ 46 అనే ప్రాధాన్యం అంకె వేస్తాయి. చాలా వైఫై పరికరాలు అందులోని మొదటి మూడు బిట్లే చూస్తాయి. అలా చూస్తే వచ్చేది 5, అంటే వీడియో క్యూ. వాయిస్ క్యూకి 6 కావాలి. ఈ పొరపాటును దిద్దే మ్యాపింగ్ 2018లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 8325లో ఉంది. మెష్‌లో ప్రతి నోడూ ఈ ముద్రను గౌరవించాలి. ఒక్క నోడ్ పట్టించుకోకపోయినా క్యూ అక్కడే పేరుకుంటుంది. ఆ క్యూలకు ఎఫ్‌క్యూ-కోడెల్ అనే సర్దుబాటు పద్ధతి ఉన్న ఫర్మ్‌వేర్ అయితే ఇంకా మంచిది. పెద్ద డౌన్‌లోడ్ నడుస్తున్నా మాట ప్యాకెట్ వెనక పడకుండా చూస్తుంది.

ఇవన్నీ సరిచేశాక కూడా కాల్ తెగుతుంటే అప్పుడు రెండు ప్రోటోకాల్స్‌ను పక్కపక్కన పెట్టి పరీక్షించండి. 20 మిల్లీసెకన్లకొక పింగ్, పది నిమిషాలు. అదే సమయంలో వేరే నోడ్ నుంచి పెద్ద ఫైల్ ఒకటి దింపుతూ ఉండండి. మూడో నిమిషంలో మధ్య నోడ్ పవర్ తీసి, ఆరో నిమిషంలో మళ్లీ పెట్టండి. నోడ్ తిరిగి వచ్చినప్పుడు కూడా దారి మారుతుంది, అక్కడా మాట పోతుంది, చాలామంది ఆ సగం చూడరు. చివర్లో పింగ్ ఇచ్చే సగటును పక్కనపెట్టి, వరుస నంబర్లలో అన్నిటికంటే పెద్ద ఖాళీ ఎంతో రాసుకోండి. దాన్ని 20తో గుణిస్తే మీ కాల్‌లో పోయే మాట ఎన్ని మిల్లీసెకన్లో తేలుతుంది.